రెండో కాన్పు, పెద్దబిడ్డ: ఆరో నెల నుంచి పాపాయి పాకేదాకా ఇంట్లో ఏం చేయాలి?

రెండో కాన్పు అనగానే ఇల్లంతా పుట్టబోయే బిడ్డ చుట్టూ తిరుగుతుంది. పాత గుడ్డలు ఉతికి ఆరబెట్టడం, అటక మీద నుంచి ఉయ్యాల దింపడం, ఆసుపత్రి బ్యాగు సర్దడం, పురిటికి ఎవరొస్తారో ఫోన్లలో మాట్లాడుకోవడం. పెద్దపిల్లకి మాత్రం "నీకు తమ్ముడో చెల్లో వస్తున్నారమ్మా" అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం.

మొదటి రెండు మూడు నెలలు పసిబిడ్డకి కావలసింది పాలు, వెచ్చదనం, నిద్ర, శుభ్రత. వాటిని చూసుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు. పసిబిడ్డకి నిన్నటి రోజు గుర్తుండదు, అందుకని పోయిందని బాధపడేది కూడా ఏమీ ఉండదు. పెద్దబిడ్డ పరిస్థితి అలా ఉండదు. ఎవరు నిద్రలేపుతారు, ఎవరు అన్నం కలిపి పెడతారు, రాత్రి ఎవరి పక్కన పడుకోవాలి, అన్నీ ఒక్కసారిగా మారిపోతాయి. ఎందుకు మారాయో అడిగే మాటలు కూడా ఆ వయసులో ఉండవు. కాబట్టి ముందు పెద్దబిడ్డ రోజు ఎలా గడవాలో రాసుకోండి, పసిబిడ్డ పనులు దాని చుట్టూ సర్దుకోండి. ఈ వ్యాసంలో ఉన్నదంతా ఆ పద్ధతే.

1. చెప్పడం: ఎప్పుడు, ఏ మాటలతో

పొట్ట కనబడే వేళకి చెప్పేయాలి. ఆలస్యం చేస్తే పక్కింటావిడో, చుట్టాలో మీకంటే ముందు చెప్పేస్తారు. ఈ కబురు పిల్లలు అమ్మానాన్నల నోటే వినాలి. మూడేళ్ల పిల్లకి "ఇంకో నాలుగు నెలలు" అంటే ఏమీ తెలియదు. "సంక్రాంతికి అమ్మమ్మ వాళ్లింటికి వెళ్తాం కదా, ఆ తర్వాత వస్తుంది" అంటే తెలుస్తుంది. ఏదో ఒక పండగకో, పుట్టినరోజుకో ముడిపెట్టి చెప్పండి.

"నీతో ఆడుకోవడానికి వస్తున్నాడు" అని మాత్రం చెప్పకండి. బంతి పట్టుకుని ఎదురుచూసే పిల్లకి, రోజంతా నిద్రపోతూ, లేస్తే ఏడ్చే బిడ్డ కనిపిస్తే పెద్ద నిరాశ. ఉన్నదున్నట్టు చెప్పండి: "మొదట్లో పడుకుంటుంది, పాలు తాగుతుంది, బాగా ఏడుస్తుంది. కూర్చోవడం వచ్చాక నీతో ఆడుతుంది." తను పసిబిడ్డగా ఉన్నప్పటి ఫొటోలు, వీడియోలు ముందేసుకుని ఈ కబుర్లు చెబితే ఇంకా మంచిది. "నువ్వు కూడా ఇలాగే ఏడ్చేదానివి, నిన్ను కూడా ఇలాగే ఎత్తుకుని తిప్పేదాన్ని" అన్న మాట పిల్లల మనసులో చాలా కాలం ఉంటుంది. తనకీ అదంతా జరిగిందన్న నమ్మకం తర్వాత రోజుల్లో పనికొస్తుంది.

ఇంకోటి, "నీకు తమ్ముడు కావాలా, చెల్లి కావాలా?" అన్న ప్రశ్న. వచ్చిన ప్రతివాళ్లూ సరదాగా అడుగుతారు, పిల్ల ఏదో ఒకటి చెబుతుంది, రోజూ అదే చెప్పిస్తారు. చివరికి అనుకున్నది కాకుండా ఇంకొకరు పుడితే ఆ పిల్లకి తను అడిగింది ఇవ్వలేదన్న కోపం మిగులుతుంది. మన దేశంలో పుట్టబోయేది ఎవరో ముందుగా తెలుసుకోవడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా. "ఎవరొచ్చినా మన పాపాయే" అని మీరే అలవాటు చేయండి.

పక్క మార్చడం, పాలు మాన్పించడం, డైపర్ మాన్పించడం, బడిలో వేయడం లాంటి మార్పులు ఉంటే కాన్పుకి రెండు మూడు నెలల ముందే అయిపోవాలి. అప్పటికి కాకపోతే పాపాయి వచ్చాక నాలుగైదు నెలలు ఆగండి. పాపాయి వచ్చిన వారంలోనే తన పక్క మారితే, పక్క లాక్కున్నది ఎవరో ఆ పిల్ల వెంటనే తేల్చేసుకుంటుంది. పాలు తాగే పెద్దబిడ్డ ఉంటే కడుపుతో ఉన్నంత మాత్రాన మాన్పించక్కర్లేదు. ముందు కాన్పు నెలలు నిండకుండా అయినా, ఇప్పుడు రక్తస్రావం ఉన్నా డాక్టరుని అడిగి నిర్ణయించుకోండి.

2. పురిటికి ఎక్కడికి? పెద్దబిడ్డ ఎవరి దగ్గర?

మన ఇళ్లలో అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లడంలో ఇబ్బంది లేదు. రెండోసారికి బడికి వెళ్లే పిల్ల ఒకటి ఉంటుంది. మూడు దారులున్నాయి: పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లడం, పిల్లని నాన్న దగ్గరో నానమ్మ దగ్గరో ఉంచి వెళ్లడం, లేదా ఉన్న ఊళ్లోనే కాన్పు చేయించుకుని అమ్మమ్మని రప్పించుకోవడం.

వీలైతే మూడోదే చేయండి. పిల్ల బడి, స్నేహితులు, తన పక్క, తన కంచం అన్నీ ఉన్నచోటే ఉంటాయి. నాన్న రోజూ కళ్లెదుటే ఉంటాడు. అమ్మమ్మకి కష్టమే, ఊరు కాని ఊళ్లో నెలల తరబడి ఉండాలి. కానీ ఇద్దరు పిల్లలనీ బాలింతనీ ఒకేచోట చూసుకోవచ్చు. అది కుదరకపోతే, అయిదేళ్ల లోపు పిల్లని వెంట తీసుకెళ్లండి. ఎల్‌కేజీలో రెండు మూడు నెలలు పోతే వచ్చే నష్టం ఏమీ లేదు. అదే వయసులో నెలల తరబడి తల్లి కనిపించకపోవడం, తిరిగి చూసేసరికి తల్లి ఒళ్లో ఇంకో బిడ్డ ఉండటం చాలా పెద్ద దెబ్బ. బడి వాళ్లతో మాట్లాడితే చిన్న తరగతులకి సాధారణంగా ఒప్పుకుంటారు. రెండో తరగతి దాటిన పిల్లలైతే వాళ్లనే అడగండి. కొందరు నాన్న దగ్గరే ఉంటామంటారు, శని ఆదివారాలు వచ్చిపోతే చాలు.

పిల్ల వెనక ఉండిపోవాల్సి వస్తే దానికి తయారీ కావాలి. కనీసం రెండు నెలల ముందు నుంచి నాన్నే స్నానం చేయించాలి, జడ వేయాలి, టిఫిన్ డబ్బా సర్దాలి, రాత్రి పడుకోబెట్టాలి. మొదట్లో పిల్ల ఒప్పుకోదు, "అమ్మే కావాలి" అంటుంది. ఆ ఏడుపు అమ్మ పక్కగదిలో ఉన్నప్పుడే అయిపోతే మంచిది. అమ్మ మూడొందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు మొదలైతే ఆపడం ఎవరి వల్లా కాదు.

ఆ పిల్లని చూసుకునేవాళ్ల కోసం ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి. బడి టైము, డాక్టరు నంబరు ఎలాగూ రాస్తారు. అంతకంటే ముఖ్యమైనవి చిన్న చిన్నవే. పెరుగన్నంలో ఉప్పు వేయకూడదు. ఆవకాయ ముక్క కడిగి పక్కన పెట్టాలి, అన్నంలో కలపకూడదు. పప్పులో కరివేపాకు ఏరేయాలి. పడుకునే ముందు కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని లెక్కపెట్టాలి, అప్పుడే నిద్రపోతుంది. దుప్పటి పాదాల మీద కప్పకూడదు. ఇవి తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియవు. పిల్లకి నోటితో చెప్పడం రాదు, అందుకే అన్నం తినలేదని, మొండి చేస్తోందని మాట పడుతుంది. ఈ కాగితం ఉంటే సగం ఏడుపులు తప్పుతాయి.

వీడియో కాల్ రోజూ ఒకే టైముకి చేయండి. పడుకునే ముందు వద్దు. చాలామంది పిల్లలు ఆ టైములో అమ్మని చూసి ఇంకా బెంగపడతారు. బడి నుంచి వచ్చి పాలు తాగేటప్పుడు బాగుంటుంది. మొదటి అయిదు నిమిషాలూ పాపాయిని చూపించకండి, ఆ పిల్ల కబుర్లే వినండి. మీరు కట్టి విప్పిన చీరో చున్నీనో ఒకటి ఉతక్కుండా దాని దిండు కింద పెట్టి వెళ్లండి.

విదేశాల్లో ఉండేవాళ్లకి ఇంకో చిక్కు. అమ్మమ్మ, తాతయ్య ఆ పిల్లకి ఫోన్లో కనిపించే మొహాలే. కాన్పుకి రెండు రోజుల ముందు దిగితే పిల్ల వాళ్ల దగ్గర ఉండదు, వాళ్లకి కూడా ఇంకా నిద్ర వేళలు సర్దుకోవు. టికెట్ మూడు నాలుగు వారాల ముందుకి తీయండి. బడికి దింపడం, పార్కుకి తీసుకెళ్లడం వాళ్లతో ముందే మొదలుపెట్టించండి.

3. మొదటిసారి చూపించడం

కొన్ని ఆసుపత్రుల్లో చిన్నపిల్లల్ని లోపలికి రానివ్వరు, ముందే కనుక్కోండి. రానిస్తే చుట్టాలు లేని టైములో తీసుకురావాలి. గదిలోకి వచ్చేసరికి పాపాయి మీ ఒళ్లో ఉండకూడదు, పక్కన ఉయ్యాల మంచంలో ఉండాలి. మీ చేతులు ఖాళీగా ఉండాలి. ముందు ఆ పిల్లని దగ్గరికి తీసుకోండి, ఏం తిన్నదో, ఎవరితో వచ్చిందో అడగండి. తర్వాత తనే అడుగుతుంది, పాపాయి ఏదని. అడగకపోయినా ఫర్వాలేదు. కొందరు ఒకసారి చూసి కిటికీ దగ్గరికి వెళ్లిపోతారు. "ముద్దుపెట్టు, ముద్దుపెట్టు" అని తోయకండి.

ముట్టుకుంటానంటే చేతులు సబ్బుతో కడిగించి, పాదాలు పట్టుకోనివ్వండి. మొహం, చేతులు వద్దు. ఎత్తుకుంటానంటే నేల మీద చాప వేసి, గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, పాపాయి మెడ కింద మీ చెయ్యి ఉంచి ఇవ్వండి. అర నిమిషం అయ్యాక చాలంటే వెంటనే తీసేసుకోండి.

సిజేరియన్ అయితే దాదాపు ఆరు వారాలు పాపాయి కంటే బరువైనదేదీ ఎత్తవద్దంటారు. అంటే పెద్దపిల్లని ఎత్తుకోకూడదు. ఆ పిల్లకి కారణం ఏం చెబుతారన్నది ముఖ్యం. "పాపాయి ఉంది కదా, ఎత్తుకోలేను" అనకండి. "అమ్మ పొట్టకి కుట్లు వేశారు, మానేదాకా ఎత్తుకోలేను, నువ్వే ఎక్కి నా పక్కన కూర్చో" అనండి. మంచం పక్కన చిన్న స్టూలు వేసి ఉంచండి. కోపం కుట్ల మీదకి పోతుంది, పాపాయి మీదకి పోదు.

4. చుట్టాల నోటి మాట

"ఇక నీ పని అయిపోయిందే!" "అమ్మ ఇప్పుడు చెల్లి పార్టీ, నిన్నెవరు చూస్తారు?" "మేం పాపాయిని మా ఇంటికి తీసుకుపోతున్నాం, ఇచ్చేస్తావా?" ఇవన్నీ ప్రేమతో అనేవే. వాళ్లకి సరదా. నాలుగేళ్ల పిల్లకి సరదా మాట, నిజం మాట వేరుగా వినపడవు. దాని లోపల ఉన్న భయం కూడా సరిగ్గా అదే, పెద్దవాళ్లు ఆ భయం నిజమేనని చెప్పినట్టవుతుంది. ఈ మాటల్ని ఊరుకుని వదిలేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్దవాళ్ల మనసు నొప్పించకుండానే ఆపొచ్చు. పిల్ల వినేలా, నవ్వుతూ, అక్కడికక్కడే చెప్పాలి: "లేదత్తయ్యా, మా పెద్దది ఎప్పటికీ నా పెద్దదే. దాని చోటు ఎవరికీ ఇవ్వను." ఆవిడకి విషయం అర్థమవుతుంది, పిల్లకి కావలసిన మాట చెవిన పడుతుంది. మళ్లీ మళ్లీ అనేవాళ్లకి మీ ఆయన చేత విడిగా చెప్పించండి. అత్తగారి తరఫు వాళ్లకి మీ ఆయన, పుట్టింటి వాళ్లకి మీరు చెబితే మాట పట్టింపులు రావు.

చూడవచ్చినవాళ్లకి గుమ్మంలోనే ఒక మాట చెప్పండి: ముందు పెద్దపిల్లని పలకరించి లోపలికి రమ్మని. గదిలోకి పాపాయి దగ్గరికి వాళ్లని తీసుకెళ్లే పని కూడా ఆ పిల్లకే ఇవ్వండి. బారసాల రోజు కొత్త బట్టలు ఇద్దరికీ ఉండాలి. పళ్లెంలో బియ్యం మీద పేరు రాసే అలవాటున్న ఇళ్లలో, నాన్న రాసేటప్పుడు పెద్దపిల్ల చెయ్యి పట్టుకుని మొదటి అక్షరం రాయించండి. పాపాయికి వచ్చిన బహుమతులు అందరి ముందూ విప్పకండి. మర్నాడు తీరిగ్గా విప్పే పని పెద్దదానిదే.

5. మొదటి నలభై రోజులు: ఒక రోజు ఎలా గడవాలి

కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారికి ఇరవై నిమిషాల నుంచి అరగంట వేసుకున్నా నాలుగైదు గంటలు మీరు కదలకుండా కూర్చునే ఉంటారు. పెద్దపిల్లకి కనిపించే దృశ్యం అదే, అమ్మ ఒడి రోజుకి అయిదు గంటలు ఇంకొకరిది. అల్లరి, పాలు ఒలకబోయడం, "నాకు ఇప్పుడే బాత్రూం" లాంటివన్నీ సరిగ్గా అప్పుడే మొదలవుతాయి.

దీనికి ఒక బుట్ట సిద్ధం చేయండి. అందులో ఉన్నవి పాలిచ్చేటప్పుడే బయటికి రావాలి, ఆ పని అయ్యాక మంచం కిందకి వెళ్లిపోవాలి. మా ఇంట్లో బుట్టలో పాత తాళంకప్ప, నాలుగు తాళంచెవులు, బట్టలు ఆరేసే క్లిప్పులు, వాడేసిన పెళ్లిపత్రికలు, ఒక బొమ్మల పుస్తకం, మూత ఉన్న డబ్బాలో వేయించిన బఠాణీలు ఉండేవి. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్లు. పెళ్లిపత్రికల మీది వినాయకుళ్లందరినీ కత్తిరించి వరసగా పేర్చేది, ఎవరి తొండం ఎటు తిరిగిందో నన్ను చూడమనేది. నా ఒక చెయ్యి బాబు కింద, రెండో చెయ్యి ఆ బొమ్మల మీద. బుట్టలో వస్తువులు వారానికోసారి మార్చాలి. నాలుగేళ్ల లోపు పిల్లలకైతే బఠాణీలు, చిన్న వస్తువులు పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి. ఖాళీ డబ్బాలు, గుడ్డలు, మరమరాలు చాలు.

రెండోది, ఆ పిల్లకి మాత్రమే అని రోజుకి ఒక పదిహేను నిమిషాలు. టైము ఒకటే ఉండాలి, తలుపు వేసుకోవాలి, ఫోను బయట ఉండాలి, ఏం ఆడాలో ఆ పిల్లే చెప్పాలి. దానికో పేరు పెట్టుకోండి, "మన టైము" అనో ఇంకేదో. మన ఇళ్లలో దీనికి మంచి అదను ఉంది. అమ్మమ్మ కాళ్ల మీద వేసుకుని పాపాయికి లాలపోశాక ఆ బిడ్డ గంటన్నర, రెండు గంటలు ఆదమరిచి నిద్రపోతుంది. అందరూ మిమ్మల్నీ పడుకోమంటారు. పడుకోవాలి కూడా. ముందు ఆ పదిహేను నిమిషాలు పెద్దదానికిచ్చి తర్వాత పడుకోండి. ఎప్పుడో ఒక రోజు సినిమాకో మాల్‌కో తీసుకెళ్లడం కంటే రోజూ వచ్చే పదిహేను నిమిషాలే ఎక్కువ పనిచేస్తాయి. రేపు మళ్లీ ఆ టైము వస్తుందని పిల్లకి తెలిస్తే మిగతా రోజంతా కాస్త ఓపిగ్గా ఉంటుంది.

మూడోది చిన్నదే. పెద్దపిల్లతో రోజంతా "ఆగు, పాపాయి ఏడుస్తోంది" అంటూనే ఉంటాం. పాపాయితో కూడా ఆ మాట అనండి, పెద్దపిల్ల వినేలా. జడ వేస్తుంటే పాపాయి కుయ్యిమంది. అక్కణ్నుంచే "కాస్త ఆగమ్మా, అక్కకి రిబ్బను కడుతున్నా, అయ్యాక నీ దగ్గరికొస్తా" అనండి. అర నిమిషంలో పాపాయికి ఏమీ కాదు. జడ వేయించుకుంటున్న పిల్ల భుజాలు కిందకి దిగడం మీ చేతులకే తెలుస్తుంది.

మార్చకూడనివి మూడు: పిల్ల నిద్రపోయే టైము, పడుకునేటప్పుడు చేసే అలవాటు, బడికి దింపే మనిషి. మిగతావి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. అన్నం బదులు రెండు పూటలు ఇడ్లీ పెట్టినా ఏమీ కాదు.

6. వెనక్కి వెళ్లడం, కొట్టడం, గిల్లడం

ఎప్పుడో మానేసిన పక్కతడపడం మళ్లీ మొదలవుతుంది. ముద్దు మాటలు వస్తాయి. "నాకూ పాలు" అంటుంది. బడికి వెళ్లే వేళకి కడుపునొప్పి అంటుంది. ఇవన్నీ మామూలే, చాలామంది పిల్లల్లో కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో తగ్గిపోతాయి. తిడితే ఎక్కువవుతాయి.

పక్క తడిపితే పరుపు మీద రబ్బరు షీటు వేసి, ఏమీ మాట్లాడకుండా బట్టలు మార్చండి. చెల్లెలి ముందు, చుట్టాల ముందు ఆ మాట ఎత్తకండి. మూత్రానికి వెళ్లేటప్పుడు మంట అన్నా, ఎప్పుడూ లేనంతగా దాహం అంటూ నీళ్లు తాగినా అది మనసుకి సంబంధించింది కాకపోవచ్చు, డాక్టరుకి చూపించండి. పాలు కావాలంటే చెంచాలోకి మీ పాలు పిండి ఇవ్వండి, చాలామంది ఒక చుక్క నాకి మొహం తిప్పేస్తారు. పాపాయిలా పడుకోబెట్టి ఊపమంటే ఊపండి. అయిదు నిమిషాల్లో తనే లేచి వెళ్లిపోతుంది.

కొడితే మాత్రం వెంటనే చెయ్యి పట్టుకోవాలి. "కొట్టనివ్వను" అని ఒక్క మాట, గట్టిగా, అరవకుండా. పాపాయిని అక్కణ్నుంచి జరిపి, తర్వాత ఆ పిల్ల పక్కన కూర్చుని అడగండి: "కోపం వచ్చిందా? అమ్మ ఎంతసేపటికీ రాలేదనా?" కోపం తప్పు కాదు, కొట్టడం తప్పు, ఈ రెండూ వేరని పిల్లకి తెలియాలి. కోపమొస్తే దిండుని కొట్టనివ్వండి. "వాణ్ని మళ్లీ ఆసుపత్రిలో ఇచ్చేద్దాం" అని పిల్ల అంటే కంగారుపడకండి, "ఛీ, అలా అనకూడదు" అనకండి. "వాడు వచ్చాక నీకు కష్టంగా ఉంది కదూ" అంటే చాలు. ఆ తర్వాత వచ్చే మాటలు వినండి, అసలు విషయం అందులో ఉంటుంది.

"పెద్దదానివి కదా, నువ్వే సర్దుకోవాలి" అన్న మాట మన నోట్లోంచి ఇట్టే వచ్చేస్తుంది. ఆ పిల్లకి నిన్న నాలుగేళ్లు, ఇవాళ కూడా నాలుగేళ్లే. పనులు చెప్పొచ్చు, డైపర్ అందించమనొచ్చు, ఉయ్యాల పాట పాడమనొచ్చు. చేయనంటే వదిలేయాలి. పెద్దరికానికి కొన్ని లాభాలు కూడా ఉండాలి: అరగంట ఆలస్యంగా పడుకోవడం, నాన్నతో బండి మీద కూరగాయలకి వెళ్లడం, చాక్లెట్ తినడం. "పాపాయికి పళ్లు లేవు, నీకున్నాయి" అని చెప్పండి, ఆ మొహం చూడండి.

రెండేళ్ల లోపు పిల్లలకి ఈ మాటలేవీ ఎక్కవు. వాళ్లకి ఎత్తుకోవడమే భాష. ఇంట్లో ఎవరో ఒకరు వాళ్లని ఎక్కువగా ఎత్తుకుని తిరగాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలు పైకి బాగానే ఉంటారు, అన్ని పనులూ చేసేస్తారు, మెచ్చుకుంటారు అందరూ. ఒక్కోసారి వాళ్లే ఎక్కువ మింగుకుంటారు. చదువు తగ్గినా, మాటలు తగ్గినా విడిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

7. ప్రమాదాలు, జలుబులు, టీకాలు

ఆరేళ్ల లోపు పిల్లతో పాపాయిని ఒంటరిగా వదలకండి, పొయ్యి మీది పాలు చూసి వచ్చేంతసేపైనా సరే. కోపంతోనే చేయనక్కర్లేదు, ప్రేమతో కూడా దుప్పటి మొహం మీదకి కప్పేస్తారు, బిస్కెట్ నోట్లో పెట్టేస్తారు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని, ఏడాది లోపు తేనె అసలే వద్దని పెద్దపిల్లకీ, ఇంట్లో పెద్దవాళ్లకీ ఒకేసారి చెప్పండి.

పాపాయిని వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు, మెత్తటి బొమ్మలు లేకుండా పడుకోబెట్టాలి. పెద్దపిల్ల పక్క పాపాయి పక్కన ఉండకూడదు. నిద్రలో ఒక కాలు వేస్తే చాలు. చీర ఉయ్యాల కట్టే ఇళ్లలో పెద్దపిల్లలు దాన్ని జోరుగా ఊపుతారు, తామూ ఎక్కాలని చూస్తారు. నేలకి బాగా దగ్గరగా కట్టండి, కింద బొంత వేయండి, పెద్దవాళ్లు లేనప్పుడు ఊపడం లేదని ఒక నియమం పెట్టండి.

బడికి వెళ్లే పిల్ల ఇంటికి జలుబు తెస్తుంది, తప్పదు. బడి నుంచి రాగానే కాళ్లూ చేతులూ కడుక్కుని, బట్టలు మార్చుకుని పాపాయి దగ్గరికి రావాలి. ముద్దు పాదాలకే. ఇది పెద్దపిల్లకి ఒక్కదానికే పెట్టే నియమం కాకూడదు, నాన్న, తాతయ్య కూడా పాటించాలి. మూడు నెలల లోపు బిడ్డకి ఒళ్లు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా, పాలు తాగడం తగ్గినా, ఊపిరి ఎగపీలుస్తున్నా ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పాపాయి టీకాలు పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకి అందరికీ గుర్తుంటాయి. ఈ హడావిడిలో తప్పిపోయేది పెద్దపిల్లవే. 16 నుంచి 24 నెలల మధ్య వేయించాల్సిన బూస్టర్లు, 5 నుంచి 6 ఏళ్ల మధ్య డీపీటీ (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా) బూస్టర్ పడ్డాయో లేదో కార్డు తీసి చూడండి. కోరింతదగ్గు పెద్దపిల్లకి దగ్గుగా పోతుంది, పసిబిడ్డకి ప్రాణం మీదకి తెస్తుంది. కాన్పయ్యాక 42 రోజుల దాకా ఆశా కార్యకర్త పసిబిడ్డని చూడటానికి ఇంటికొస్తుంది. ఆవిడ వచ్చినప్పుడు రెండు కార్డులూ ముందు పెట్టండి.

8. నాన్న సెలవు ఎప్పుడు పెట్టాలి, అమ్మ మనసు ఎలా ఉంది

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకి 15 రోజుల సెలవు ఉంది. ప్రైవేటులో కంపెనీని బట్టి మారుతుంది. చాలామంది అదంతా కాన్పు వారంలోనే వాడేస్తారు. అప్పుడు ఇంటినిండా మనుషులుంటారు. అమ్మమ్మ ఊరెళ్లిపోయే రోజు, లేదా మీరు పుట్టింటి నుంచి తిరిగొచ్చే రోజు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. వంట, బడి, పాపాయి, బట్టలు అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సెలవులో సగం ఆ వారానికి దాచుకోవాలి. ఆఫీసు నియమాలు ఒప్పుకుంటాయో లేదో ముందే కనుక్కోమనండి.

ఉద్యోగం చేసే తల్లులకి చట్టం ప్రకారం మొదటి ఇద్దరు బిడ్డల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది, ఆ తర్వాతి కాన్పులకి 12 వారాలు. కాన్పుకి ముందు 8 వారాల దాకా వాడుకోవచ్చు. ఆరోగ్యం బాగుంటే ముందు తక్కువ వాడుకుని, తర్వాతికి ఎక్కువ మిగుల్చుకోండి. మీరు మళ్లీ ఆఫీసుకి వెళ్లే వారంలో పెద్దపిల్ల కూడా ఇంకోసారి గొడవ చేస్తుంది. అది ఎదురుచూడాల్సిందే.

నాన్న పెద్దపిల్లని చూసుకుంటే, అమ్మ పాపాయిని చూసుకుంటుందన్న పంపకం మొదట్లో సులువుగా ఉంటుంది. అదే నెలల తరబడి సాగితే ఇల్లు రెండు ముక్కలవుతుంది. వారంలో కొన్ని సాయంత్రాలు పాపాయి నాన్న దగ్గర, పెద్దపిల్ల అమ్మ దగ్గర ఉండాలి.

కాన్పయిన మొదటి రోజుల్లో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. పెద్దబిడ్డకి అన్యాయం చేస్తున్నానన్న బాధ రెండోసారి దానికి తోడవుతుంది. అది రెండు వారాలు దాటినా తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, ఎవరి మీదా ఇష్టం కలగకపోతే అది జబ్బు, మందులున్నాయి, తగ్గుతుంది. డాక్టరుతో చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్ నంబరు 14416 కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఖర్చు ఉండదు. మీ ఏడుపు పెద్దపిల్ల చూస్తే దాచకండి, "అమ్మకి ఒంట్లో బాగాలేదు, నీ వల్ల కాదు, తగ్గిపోతుంది" అని చెప్పండి. చెప్పకపోతే తన వల్లే అనుకుంటుంది.

9. పాపాయి పాకడం మొదలుపెట్టాక

నాలుగైదు నెలలకి ఇల్లు సర్దుకుంటుంది. పాపాయి నవ్వుతుంది, మొదటి పెద్ద నవ్వులు చాలావరకు అక్కనో అన్ననో చూసే వస్తాయి. హమ్మయ్య అనుకునేలోపు ఎనిమిదో నెలకి పాకడం మొదలవుతుంది. అక్క కట్టిన ఇల్లు కూల్చేస్తుంది, రంగు పుస్తకం నోట్లో పెట్టుకుంటుంది. కొత్తగా గొడవలు వస్తాయి. ఈసారి పెద్దపిల్ల ఫిర్యాదు న్యాయమైనదే.

"చిన్నది, దానికేం తెలుసు, ఇచ్చేయ్" అని తీర్పు చెప్పకండి. పాపాయి చేతికందని ఎత్తులో పెద్దపిల్లకి సొంత అర ఒకటి ఇవ్వండి. అందులోవి ఎవరికీ పంచక్కర్లేదు. బ్లాకులు, రంగులు నేల మీద కాకుండా డైనింగ్ టేబుల్ మీద ఆడుకోమనండి. పూసలు, నాణేలు, బొమ్మల్లో వేసే బటన్ బ్యాటరీలు ఆ అరలో కూడా మూతపడే డబ్బాలో ఉండాలి. బటన్ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, మింగిందన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. రోజూ పడుకునే ముందు గదిలో నేలంతా ఒకసారి వంగి చూసే పనిని పెద్దపిల్లతో కలిసి చేయండి. మీకంటే వాళ్ల కళ్లకే చిన్నవి ముందు కనిపిస్తాయి.